ఆకుపచ్చ కారు ఎడమ వైపు

ఫిబ్రవరి 3, సోమవారం

పెయింటు షాపు వాళ్లు ఇచ్చిన డైరీ నెల రోజులుగా అలమారలో పడి ఉంది. ఈ రోజు తీశాను. ఎందుకో తెలియదు.

టీచరమ్మగారి పాత ఆకుపచ్చ కారు దెబ్బతిని షెడ్డులో ఉంది. ఎడమ వైపు ముందు భాగమంతా పోయింది. బంపరు కొస లోపలికి వంగింది. హెడ్‌లైటు లేదు. మడ్‌గార్డు వెనక్కి జరిగి తలుపు మీదికి ఎక్కింది, తలుపు తెరుచుకోవడం లేదు. బానెట్ మధ్యలో మడతపడింది. నలభై ఏళ్ల నాటి బండి. ఈ రేకులు ఇప్పుడు ఎక్కడా దొరకవు. ఉన్నదాన్నే లాగి, తట్టి, మళ్లీ కూర్చోబెట్టాలి.

ఎక్కడో గుద్దేసింది పాపం. డెబ్బై రెండేళ్ల మనిషి. లెక్కల టీచరుగా చేసి రిటైరైంది. ఇంట్లో ఒక్కతే ఉంటుంది, బయటి పనులన్నీ ఈ కారులోనే చేసుకుంటుంది. పొద్దున వచ్చి, బండిని చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఇదేంటి మేస్త్రిగారూ... ఇది నేనే చేశానా?" అంది.

ఊఁ అన్నాను.

 "నాకు గుర్తే లేదు" అని మెల్లగా అని వెళ్లిపోయింది.

కుడి మణికట్టు నొప్పిగా ఉంది. రాత వంకరగా వస్తోంది.


ఫిబ్రవరి 4, మంగళవారం

మడ్‌గార్డు విప్పాను. లోపలి రేకు కూడా వెనక్కి వచ్చింది. దాన్ని చైను కట్టి లాగాలి. లాగలేదు. మడ్‌గార్డు బోల్టు రంధ్రాలు సాగదీసి ముందుకు జరిపాను. తలుపు తెరుచుకుంది. తలుపుకీ మడ్‌గార్డుకీ మధ్య గ్యాప్ పైన నాలుగు మిల్లీమీటర్లు, కింద తొమ్మిది. కిందది పుట్టీతో సర్దేయవచ్చు.

నన్ను గీతల మేస్త్రి అంటారు. నేను అమర్చిన తలుపు చుట్టూ గ్యాప్ స్కేలు పెట్టి గీత గీసినట్టు ఉంటుందని ఆ పేరు. ముప్ఫై ఏళ్లలో ఒక్క గ్యాప్ కూడా పుట్టీతో సర్దలేదు. ఈ ఒక్కసారికి ఫరవాలేదు. ఈ బండి తొందరగా నా కళ్ల ముందు నుంచి పోవాలి, అంతే.

మా ఆవిడ మణికట్టు చూసి ఏమైందని అడిగింది. సుత్తి జారిందన్నాను.

"ముప్ఫై ఏళ్లలో జారని సుత్తి ఇప్పుడు జారిందా?" అంటూనే కట్టు కట్టింది.


ఫిబ్రవరి 6, గురువారం

టీచరమ్మ కూతురు ఫోన్ చేసింది. ఊరికి అవతలి చివర ఉంటుంది, ఉద్యోగం చేస్తుంది. బాగా కంగారుపడుతోంది.

"గట్టిగా తగిలిందా మేస్త్రిగారూ? చూస్తే ఏమనిపిస్తోంది?"

గట్టిగానే తగిలిందన్నాను. అది నిజమే.

"అమ్మకి అసలు గుర్తే లేదండీ. అదే నా భయం. కళ్లజోడు మర్చిపోవడం వేరు, ఇంత పెద్దది మర్చిపోవడం వేరు కదా. రేపు డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నాను."

అప్పుడైనా నోరు పెగలాల్సింది. పెగిలింది, కానీ అందులోంచి వచ్చింది వేరే మాట.

"వయసు కదమ్మా" అన్నాను.


ఫిబ్రవరి 7, శుక్రవారం

వయసు కదమ్మా అన్నాను. ఆ మాట ఎవరడిగారు నన్ను?


ఫిబ్రవరి 10, సోమవారం

మొదటి పేజీలో రాసింది అబద్ధం. నేను తప్ప ఎవరూ చదవని పుస్తకంలో కూడా బుకాయించాను. సిగ్గు లేకపోతే సరి.

ఒకటో తారీఖు శనివారం జరిగింది రాస్తాను.

డ్రైవరు వైపు తలుపు వేలాడుతోంది, వేసేటప్పుడు ఎత్తి వేయాల్సి వస్తోందని టీచరమ్మ ఆ బండి తెచ్చి ఇచ్చింది. అడిగిన పని అదొక్కటే. బందులో పిన్ను అరిగిపోయింది, మార్చాను. అరగంట పని. అక్కడితో ఆపి ఉంటే పోయేది. కానీ బానెట్ కుడి వైపు గ్యాప్ మూడు, ఎడమ వైపు ఆరు ఉంది. ఆవిడకి అది ఏనాడూ కనిపించలేదు. నాకే కళ్లు మండాయి. నా షెడ్డులోంచి అలాంటి గీతతో బండి బయటికి వెళ్తే నలుగురూ ఏమనుకుంటారని.

బానెట్ సర్దేటప్పుడు దాని తాళాన్ని వదులు చేస్తాం. ఒకవేళ తాళం ఊడినా బానెట్ పైకి ఎగరకుండా పట్టుకునే చిన్న కొక్కెం ఒకటి ఉంటుంది. అది అడ్డొస్తోందని విప్పి బల్ల మీద పెట్టాను. తాళం బోల్టు వేలితో తిప్పి వదిలేశాను. గ్యాప్ రెండు వైపులా నాలుగున్నర వచ్చింది. ఎంత ముచ్చటేసిందంటే దూరంగా వెళ్లి నిలబడి చూసుకున్నాను. ఆ ముచ్చటలోనే, తలుపు చప్పుడు చేస్తోందో లేదో విందామని బండి రోడ్డు మీదికి తీశాను.

రెండో మలుపు దగ్గర బానెట్ ఒక్కసారిగా లేచి అద్దాన్ని మూసేసింది. ఏమీ కనిపించలేదు. ఎడమ పక్కన సిమెంటు స్తంభం.

మిట్టమధ్యాహ్నం, రోడ్డు మీద పిట్ట లేదు. నాతో పాటు షెడ్డులో రంగు పని చేసే మా బావమరిది ఆ రోజు రాలేదు. బండిని ఎలాగో వెనక్కి తెచ్చి, మళ్లీ చీపురు పట్టుకెళ్లి గాజు పెంకులు ఊడ్చి వచ్చాను.

ఆదివారమంతా ఎలా చెప్పాలో అనుకుంటూనే ఉన్నాను. టీచరమ్మగారూ, తప్పు నాది. అంతే కదా, మూడు ముక్కలు. సోమవారం ఆవిడ వచ్చింది. నేను నోరు తెరిచేలోపు నేనే చేశానా అని తనే అడిగింది. కిందటి నెల కళ్లజోడు ఇక్కడ మర్చిపోయి రెండుసార్లు వెతుక్కుంటూ వచ్చింది ఆవిడ. ఆ మతిమరుపు సంగతి నాకు తెలుసు. తెలిసే ఊఁ అన్నాను. కంగారులో నోరు జారిందని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. జారలేదు.


ఫిబ్రవరి 12, బుధవారం

బావమరిదికి తెలిసిపోయింది.

రంగు కలపడానికి మడ్‌గార్డు మీద చిన్న ముక్క గీకి చూస్తున్నాడు. ఉన్నట్టుండి "బావా, ఈ రంగు ఆ రెండో మలుపు స్తంభానికి కూడా వేశావా?" అన్నాడు.

 ఏ స్తంభం అన్నాను.

"నడుం ఎత్తున ఇంత మేర పచ్చగా ఉంది. ఊళ్లో ఈ రంగు బండి ఇదొక్కటే. ఆ మలుపేమో షెడ్డుకి అవతల, టీచరమ్మ వచ్చే దారే కాదు. ఆవిడ బండి ఇక్కడ ఇచ్చి నడిచి వెళ్లిందాయె. స్తంభమే నడుచుకుంటూ వచ్చి గుద్దిందంటావా?"

వాడితో నీళ్లు నమలడం కుదరదు. అంతా చెప్పాను. వాడు నవ్వలేదు. దేనికైనా నవ్వే మనిషి.

"మరి ఆవిడకి చెప్పావా?"

"చెప్తాను. నీకెందుకురా, నీకు సంబంధం లేదు."

"మా అక్కని చేసుకున్న రోజే సంబంధం కలిసింది బావా. నువ్వు చెప్పేదాకా నేను ఈ బండికి రంగు కలపను. అక్కకి మాత్రం చెప్పనులే, అది నీ పని."

డబ్బా మూత పెట్టేసి వెళ్లి వేరే బండి పని చూసుకున్నాడు. నాకంటే పదేళ్లు చిన్నవాడు. వాడి ముందు తల కొట్టేసినట్టయింది.


ఫిబ్రవరి 14, శుక్రవారం

టీచరమ్మ వచ్చింది. నడిచి వచ్చింది. చెప్పులకి దుమ్ము, మొహం వాడిపోయి ఉంది. స్టూలు వేశాను.

డ్రైవింగ్ మానేసిందట. లైసెన్సు కూతురికి ఇచ్చేసిందట. డాక్టరు ఏవేవో ప్రశ్నలు అడిగి, కొన్ని బొమ్మలు చూపించి, మాత్రలు రాశాడట. ఇప్పుడు పొయ్యి ఆపిందో లేదో మూడుసార్లు వెళ్లి చూసుకుంటోందట. "ఆపే ఉంటుంది. అయినా నా మీద నాకే నమ్మకం లేదు" అంది.

తర్వాత అసలు సంగతి చెప్పింది.

"రోజూ పొద్దున మా ఇంటి నుంచి మీ షెడ్డు దాకా నడుస్తున్నాను మేస్త్రిగారూ. ఒక రోజు ఈ వీధి, ఒక రోజు ఆ వీధి. ఎక్కడ గుద్దానో తెలుస్తుందేమోనని. షాపుల వాళ్లని అడుగుతున్నాను, ఆకుపచ్చ కారు ఎవరినైనా గుద్దడం చూశారా అని. గోడో స్తంభమో అయితే సరే. మనిషికి తగిలి, నేను ఆపకుండా వచ్చేసి ఉంటేనో?"

చేతిలో సుత్తి అలాగే ఉండిపోయింది.

"అలాంటిదేమీ అయి ఉండదమ్మా."

"మీకెలా తెలుసు?"

"రేకు మీద దెబ్బ చూస్తే తెలుస్తుంది. స్తంభం లాంటిదేదో."

అంతవరకు వచ్చి ఆగిపోయాను. ఇంకొక్క మాట అంటే సరిపోయేది. ఆవిడ ఎంత తేలికపడిందో, "మీరు చెబితే సరే" అని నా వైపు చూసి నవ్వింది. ఆ నవ్వు చూశాక ఆ ఒక్క మాట ఇంకా లోపలికి పోయింది.

వెళ్లబోతూ నేల మీద సుద్దముక్కతో నేను రాసుకున్న లెక్క చూసింది. బండి ముందు భాగం లోపల, ఈ మూల నుంచి ఆ మూలకి రెండు వైపులా కొలిచాను. రెండూ సమానంగా రావాలి. ఒకటి 1486, ఒకటి 1475. తేడా 9 అని రాసుకున్నాను.

"పదకొండు" అంది ఆవిడ, ఆగకుండానే. "పుట్టీ దాచేంత తేడా కాదు మేస్త్రిగారూ. లాగాలేమో కదా?"

మతి పోయిందని నేను ఊఁ కొట్టిన మనిషి.


ఫిబ్రవరి 15, శనివారం

చెప్పలేదు.


ఫిబ్రవరి 17, సోమవారం

పుట్టీ అంతా చెక్కి పారేశాను. సాగదీసిన రంధ్రాలు వెల్డింగ్‌తో పూడ్చాను. ముందు భాగానికి చైను కట్టి జాకీతో లాగడం మొదలుపెట్టాను. ఒకేసారి లాగితే రేకు చిరుగుతుంది. కొంచెం లాగి, తట్టి, ఆగి, కొలిచి, మళ్లీ లాగాలి. సాయంత్రానికి ఆరు మిల్లీమీటర్లు వచ్చింది. ఇంకా అయిదు ఉంది.

ముందు బండి పూర్తిగా బాగు చేస్తాను. ఇలా దెబ్బ తిన్నదని ఎవరూ కనిపెట్టలేనట్టు చేస్తాను. అప్పుడు వెళ్లి చెప్తాను. చేతిలో మంచి పని ఉంటే చెప్పడం తేలిక.


ఫిబ్రవరి 19, బుధవారం

మూల నుంచి మూలకి 1486, 1486. ఇక అమరిక. ఇది వెనక నుంచి ముందుకు రావాలి. వెనక తలుపు ముందు, దాన్ని బట్టి ముందు తలుపు, దాన్ని బట్టి మడ్‌గార్డు, అన్నిటికంటే చివర బానెట్. మధ్యలో ఒకటి అర మిల్లీ పక్కకి పోతే ముందుకు వచ్చేసరికి అది మూడు మిల్లీలవుతుంది.

రేపు చెప్తాను.


ఫిబ్రవరి 20, గురువారం

తలుపు చుట్టూ నాలుగు. పైనా కిందా నాలుగే. రేపు.


ఫిబ్రవరి 21, శుక్రవారం

రేపు.


ఫిబ్రవరి 24, సోమవారం

కూతురు షెడ్డుకి వచ్చింది. బానెట్ కూడా కూర్చుంది. ఎడమ ముందు భాగమంతా రంగుకి ముందు పూసే బూడిద రంగు ప్రైమర్ మీద ఉంది. చుట్టూ తిరిగి చూసి "కొత్తదానిలా చేశారండీ" అంది. బావమరిది అటు తిరిగి చేతులు తుడుచుకున్నాడు.

బండి అమ్మేస్తారట. ఒకటో తారీఖుకి ఇల్లు తాళం వేసి అమ్మని తన దగ్గరికి తీసుకెళ్తుందట. గుద్దిన సంగతే గుర్తులేదంటే ఒంటరిగా ఉంచడం మంచిది కాదని డాక్టరు గట్టిగా చెప్పాడట. "అమ్మ పోట్లాడుతుందనుకున్నాను. పోట్లాడలేదు. సరే అంది. జీవితంలో మొదటిసారి నాకు ఎదురు చెప్పలేదు" అని కళ్లు తుడుచుకుంది.

వెళ్తూ వెళ్తూ "ఆ రోజు మీరు దాచకుండా చెప్పబట్టి తెలిసింది. చాలా థాంక్సండీ" అంది.

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. ఆవిడ వెళ్లాక బావమరిది రంగు డబ్బా మూత ఇంకోసారి నొక్కి పెట్టాడు. 

ఇంటికి వెళ్లి మా ఆవిడకి అంతా చెప్పాను. అన్నం వడ్డించడం ఆపి విన్నది. "రేపు పొద్దున్నే వెళ్లండి. నేనూ వస్తాను, వీధి చివర నిలబడతాను. మీరు చెప్పకుండా వెనక్కి వస్తే నేను వెళ్లి చెప్తాను" అంది.


ఫిబ్రవరి 25, మంగళవారం

వెళ్లాను.

ముందు గదిలో అట్టపెట్టెలు. పుస్తకాలు సర్దుతోంది. ప్రతి పెట్టె మీదా లోపల ఏముందో కాగితం అంటించింది. బల్ల మీద ఇంకో కాగితం ఉంది, పొయ్యి, తలుపు, కుళాయి అని రాసి, ఒక్కోదాని ఎదురుగా టిక్కు పెట్టడానికి గళ్లు గీసుకుంది. పిల్లలకి హాజరు వేసినట్టు తనకి తనే వేసుకుంటోంది.

కూర్చోమంది. కూర్చోలేదు. నిలబడే చెప్పాను. బానెట్, కొక్కెం, స్తంభం, ఊఁ అనడం, ఆవిడ మతిమరుపు సంగతి తెలిసే అనడం. అది కూడా వదలకుండా చెప్పాను. 

ఆవిడ నమ్మలేదు.

"మీ మంచితనం నాకు తెలుసు మేస్త్రిగారూ. మా అమ్మాయి మీకు చెప్పి ఉంటుంది, నేను ఇల్లు వదులుతున్నానని. నా మనసు కుదుటపడాలని మీ మీద వేసుకుంటున్నారు. వద్దు."

నా మంచి పేరే నాకు అడ్డం పడింది. నేను దగాకోరునని ఆవిడని ఒప్పించడానికి బతిమాలాను. మణికట్టు చూపించాను. స్తంభం దగ్గరికి రమ్మన్నాను. మా బావమరిదిని అడగమన్నాను. చివరికి ఏడుపొచ్చి, "అమ్మా, మీరు బండి ఇచ్చిన రోజు రెండు హెడ్‌లైట్లూ బాగానే ఉన్నాయి, నేనే తుడిచాను" అన్నాను.

అప్పుడు చేతిలో పుస్తకం కింద పెట్టింది.

"అవును, ఉన్నాయి" అంది.

పుస్తకం పక్కకి జరిపి చెప్పింది. "నాకు గుర్తుంది. బండి మీ గుమ్మం ముందు పెట్టి, దిగి, ఒకసారి వెనక్కి తిరిగి చూసుకున్నాను. ఎప్పుడూ అలాగే చూస్తాను. రెండు లైట్లూ ఉన్నాయి. సోమవారం మీ దగ్గరికి వచ్చినప్పుడు కూడా అది నాకు గుర్తుంది. మీరు ఊఁ అన్నారని, నా గుర్తే తప్పేమో అనుకున్నాను. పరీక్షలో సరైన జవాబు రాసి, పక్కవాడి పేపరు చూసి కొట్టేసుకునే పిల్లల్ని ఎంతమందిని తిట్టానో నేను."

గొంతు పెంచలేదు. తిడితే బాగుండునని చూశాను. తిట్టలేదు.

"వెళ్లండి" అంది.

వీధి చివర మా ఆవిడ ఉంది. నా మొహం చూసి నాతో పాటు నడిచింది.


ఫిబ్రవరి 26, బుధవారం

పొద్దున తొమ్మిదింటికి టీచరమ్మ షెడ్డుకి వచ్చింది. మేకుకి వేలాడుతున్న కారు తాళంచెవి తనే తీసుకుంది.

"రంగు ఇంకా వేయలేదమ్మా" అన్నాడు బావమరిది. డబ్బా మూత అప్పుడే తీస్తున్నాడు.

"తర్వాత వేద్దువుగాని" అని, నా వైపు చూడకుండా "ఎక్కండి" అంది. "మా అమ్మాయి దగ్గరికి వెళ్దాం. నాకు చెప్పింది దానికి చెప్పండి. అక్కడి నుంచి డాక్టరుగారి దగ్గరికి."

లైసెన్సు కూతురి దగ్గర ఉంది కదా అనబోయి నోరు మూసుకున్నాను.

ఇదివరకు ఆవిడ బండి తోలడం చూశాను. ఇరుకు సందుల్లో కూడా మాట్లాడుకుంటూ పోయేది. ఈ రోజు నడిచేవాళ్లు మమ్మల్ని దాటిపోయారు. ఒక చోట ఎడమ పక్కన వ్యాను ఆగి ఉంది.

"ఎడమ వైపు ఎంత ఉంది?" అని అడిగింది.

తల బయటపెట్టి చూశాను. "రెండడుగులు ఉంది, వెళ్లిపోవచ్చమ్మా."

బండి ఆపి, హ్యాండ్‌బ్రేకు వేసి, దిగింది. చుట్టూ తిరిగి వచ్చి, వంగి, తనే చూసుకుంది. వెనకాల హారన్లు మోగుతున్నాయి. తొందరపడలేదు. వచ్చి కూర్చుని పోనిచ్చింది. ఆ తర్వాత నన్ను మళ్లీ అడగలేదు. దారిలో ఇంకో నాలుగు చోట్ల ఆపింది. నాలుగుసార్లూ దిగి చూసుకుని వచ్చింది. నేను ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చున్నాను.

కూతురు బూడిద రంగు ముందు భాగాన్ని చూసి పరుగెత్తుకొచ్చింది. గేటు లోపల, బండి పక్కనే నిలబడి చెప్పాను. ముందు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. నన్ను ఏమందో ఇక్కడ రాయను. అన్నవన్నీ నిజమే. డాక్టరుకి ఫోన్ చేసి నన్ను మాట్లాడమంది, మాట్లాడాను. పరీక్ష మళ్లీ మొదటి నుంచి పెడతానన్నాడు, వెంటనే రమ్మన్నాడు. అప్పటిదాకా ఇంటికి తాళం వేసే మాట లేదని కూతురే అంది. లైసెన్సు లోపలి నుంచి తెచ్చి తల్లి చేతిలో పెట్టింది.

"నేనే తీసుకొస్తాను బండి, నువ్వు కూర్చో" అంది టీచరమ్మ.

ఆ గేటు ఇరుకు. వెనక్కి తీయాలి. కూతురు రోడ్డు మీద నిలబడి చెయ్యి ఊపుతూ "రా అమ్మా, రా, చాలా ఉంది, ఇంకా రా" అంటోంది. బండి సగం వచ్చి ఆగిపోయింది. తలుపు తెరుచుకుంది. టీచరమ్మ దిగింది.

"అమ్మా, నేను చూస్తున్నాను కదా. ఉందని చెప్తున్నాను కదా" అంది కూతురు.

 ఆవిడ ఎడమ వైపు వచ్చి, మడ్‌గార్డుకీ గేటు స్తంభానికీ మధ్య జానతో కొలుచుకుంది. మళ్లీ చుట్టూ తిరిగి కుడి వైపు కొలుచుకుంది. కన్నకూతురు కళ్ల ముందు నిలబడి చెప్తున్నా ఆవిడకి చాలలేదు. కూతురు ఊపుతున్న చెయ్యి అలాగే గాల్లో ఆగిపోయింది. కూతురు నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను.

టీచరమ్మ తిరిగి ఎక్కి, రెండు వైపులా సమానంగా వదిలి, బండిని ఎక్కడా తగలకుండా రోడ్డు మీదికి తీసింది. కూతురు ముందు సీట్లో కూర్చుంది. నన్ను ఎక్కమని ఎవరూ అనలేదు. డాక్టరు దగ్గరికి నడిచి వెళ్లాను.